కంచె లోపల సింహాల సంఖ్య ఎవరి నిర్ణయం?

దక్షిణాఫ్రికాలో వన్యప్రాణి ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు కంచెతో ముడిపడి ఉంది. 1991 నాటి గేమ్ థెఫ్ట్ చట్టం ప్రకారం, తన భూమికి తగినంత పటిష్ఠమైన కంచె ఉందని ధ్రువపత్రం పొందిన యజమానికి ఆ కంచె లోపలి జంతువుల మీద హక్కు ఉంటుంది. జంతువు తప్పించుకుని బయటికి పోయినా ఆ హక్కు పోదు. ఆ దేశంలో భూమి రూపమే మారిపోవడంలో ఈ ఏర్పాటుకు పెద్ద పాత్ర ఉంది. పశువుల పెంపకంలో నష్టపోయిన రైతులు పశువులను అమ్మేసి జింకలను తెచ్చుకున్నారు. ఇరుగుపొరుగు భూస్వాములు మధ్య కంచెలు తీసేసి, అందరికీ కలిపి చుట్టూ ఒకే కంచె వేసుకున్నారు. ప్రాంతీయ ప్రభుత్వాలు సాగుకు పనికిరాని నేలలను వన్యప్రాణి రిజర్వులుగా మార్చాయి. ఉద్యోగరీత్యా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్న నేను ఈ రిజర్వులకు వెళ్తూ, వాటి మీద వచ్చిన పరిశోధనలు చదువుతూ వచ్చాను. వాటిపై నాకు గౌరవం ఉంది. అవి లేకపోతే చీతా, అడవికుక్క ఈ దేశంలోని చాలా చోట్ల తిరిగి అడుగుపెట్టి ఉండేవి కావు. ఆ గౌరవంతోనే ఒక వాదన చేయదలిచాను. కంచె వేసిన చోట ఏ మాంసాహారికి ఎంత తిండి దక్కాలో నిర్ణయించే పని ప్రకృతి చేతుల్లోంచి మనుషుల చేతుల్లోకి వస్తుంది. ఆ నిర్ణయాన్ని ఇప్పుడు చాలా చోట్ల సింహం దగ్గర మొదలుపెట్టి కిందికి వస్తున్నారు. అన్నిటికన్నా బలహీనమైన మాంసాహారి దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్ళాలన్నది నా వాదన.

ఆఫ్రికా సవన్నాల్లో పెద్ద మాంసాహారులు ఐదు: సింహం, చుక్కల హైనా, చిరుతపులి, చీతా, ఆఫ్రికా అడవికుక్క. ఇవి ఒకే నేల మీద అనాదిగా కలిసి బతికాయి కనుక తిండిని ఏదో ఒక రీతిలో పంచుకునే ఉండాలి. హేవర్డ్, కెర్లీ అనే పరిశోధకులు ఆఫ్రికా అంతటా జరిగిన ఆహారపు అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. సింహం 190 నుంచి 550 కిలోల బరువుండే జంతువులను ఎక్కువగా ఎంచుకుంటుందని, హైనా 56 నుంచి 182, చీతా 23 నుంచి 56, చిరుత 10 నుంచి 40 కిలోల వాటిని ఎంచుకుంటాయని తేలింది. అడవికుక్కల ఎంపిక రెండు తరగతులుగా ఉంటుంది: ఎక్కువగా 16 నుంచి 32 కిలోల చిన్న జంతువులు, గుంపు పెద్దదైతే 120 కిలోలు దాటిన కుడూ అనే పెద్ద జింక వంటివి. అంకెలను వరుసగా రాసుకుంటే ఎవరి వాటా వారికి ఉన్నట్టే కనిపిస్తుంది. అయితే ఎంపికకు అవకాశం ఉన్నప్పటి మాట ఇది. అడవిదున్న, జీబ్రా, వైల్డ్‌బీస్ట్ పుష్కలంగా ఉన్నంతకాలం సింహం చిన్న జింకల జోలికి అంతగా పోదు. అవి తగ్గిపోయిన చోట సింహం వాటితోపాటే తగ్గిపోకుండా తన చూపును కిందికి దించుతుంది. అప్పుడు దాని కంటపడేది ఇంపాలా. చిరుతకు, చీతాకు, అడవికుక్కకు చాలా రిజర్వుల్లో ప్రధాన ఆహారం ఆ ఇంపాలాయే.

బలహీనమైన మాంసాహారులు బతికి బట్టకట్టడానికి తిండి పంపకం కన్నా చోటు పంపకమే పెద్ద ఆధారమని నేను అర్థం చేసుకున్నాను. టాంజానియాలోని సెరెంగెటీలో సారా డ్యూరాంట్ చేసిన అధ్యయనంలో, చీతాలు సింహాలకూ హైనాలకూ దూరంగా, జింకలు తక్కువగా ఉండే చోట్లనే ఎక్కువగా తిరుగుతున్నాయని బయటపడింది. ఎక్కడ తిండి ఎక్కువో అక్కడ సింహం ఉంటుంది. అందుకని చీతా తిండి తక్కువైన చోటును కోరి ఎంచుకుంటుంది. ఆ ఎంపికకు వీలుండాలంటే తిండి తక్కువైన చోటు కూడా విశాలంగా ఉండాలి. సెరెంగెటీ జాతీయ పార్కు ఒక్కటే 14,700 చదరపు కిలోమీటర్లకు పైబడినది, దాని చుట్టూ మరెంతో నేల ఉంది. అంత జాగా ఉండి కూడా, ఆ మైదానాల్లో లారెన్‌సన్ అనే పరిశోధకురాలి లెక్క ప్రకారం పుట్టిన చీతా పిల్లల్లో స్వతంత్రంగా బతికే వయసుకు చేరినవి నూటికి ఐదు మాత్రమే, చనిపోయినవాటిలో అత్యధికం సింహాలు, ఇతర మాంసాహారుల చేతిలో పోయినవే. సింహాలు పలచగా ఉండే క్గలగాడి ఎడారి ప్రాంతంలో మిల్స్ దంపతులు చూసినప్పుడు మూడో వంతుకు మించి పిల్లలు బతికాయి. రెండు చోట్లా ఉన్నది ఒకే జాతి. ఈ తేడాలో సింహాల సాంద్రతకు పెద్ద భాగం ఉందనే నేను అనుకుంటున్నాను.

అడవికుక్కల విషయంలో నష్టం మరో దారిలో వస్తుంది. అవి కలిసి పరుగెత్తి వేటాడుతాయి, ఆ పరుగుకు ఖర్చయ్యే శక్తి చాలా ఎక్కువ. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన గోర్మన్ బృందం లెక్క ప్రకారం, రోజుకు సుమారు మూడున్నర గంటలు వేటాడే అడవికుక్క తన వేటలో పావు వంతును హైనాలకు పోగొట్టుకుంటే, ఆ లోటు పూడ్చుకోవడానికి పన్నెండు గంటలు వేటాడాలి, అది దాని శరీరానికి సాధ్యం కాదు. బోట్స్వానా పొదల అడవుల్లో జరిగిన తరువాతి పరిశోధన ఈ లెక్క అన్ని చోట్లకూ వర్తించదని చూపింది. అక్కడి కుక్కలు దూరపు పరుగులు మాని చిన్న చిన్న పరుగులతోనే సరిపెట్టుకుంటున్నాయి. ఇలాంటి సవరణలు రావలసిందే. అయినా ఒక విషయంలో పరిశోధకుల మధ్య పెద్దగా భేదం లేదు. సింహాలు దట్టంగా ఉన్న చోట అడవికుక్కలు నిలవడం కష్టం, అవి నిలవాలంటే వందల చదరపు కిలోమీటర్ల తిరుగుడు అవసరం.

ఇప్పుడు ఈ ఐదింటినీ కంచె లోపల ఊహించుకోండి. క్రూగర్ జాతీయ పార్కుది ప్రత్యేకమైన కథ. సుమారు 19,500 చదరపు కిలోమీటర్ల ఆ నేల ఒక చిన్న దేశమంత ఉంటుంది, పడమటి వైపు ప్రైవేటు రిజర్వులతో ఉన్న కంచెను కూడా 1990ల్లో చాలా మేరకు తొలగించారు. మిగతావి అలా కావు. హ్లుహ్లువే–ఇంఫొలొజి 900 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, మాడిక్వే సుమారు 750, పిలానెస్‌బర్గ్ సుమారు 550. ప్రైవేటు రిజర్వుల్లో వంద చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్నవే ఎక్కువ. అంత జాగాలో సింహం గర్జన ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపుగా వినబడుతుంది. తిండి తక్కువైనా ప్రాణభయం లేని మూల అంటూ చీతాకు అక్కడ మిగలదు.

దీనికి తోడు కంచె లోపల సింహాలు బయటికన్నా వేగంగా పెరుగుతాయి. మిల్లర్, ఫన్‌స్టన్ 2014లో రాసిన పరిశోధన పత్రం ఈ చిన్న రిజర్వుల పరిస్థితిని నిర్వహణకు సంబంధించిన సందిగ్ధం అని తన శీర్షికలోనే పేర్కొంది. స్వేచ్ఛా అరణ్యంలో బయటి మగ సింహాలు వచ్చి పాత మగవాటిని తరిమి, వాటి పిల్లలను చంపుతాయి. అక్కడ పిల్లల మరణాలకు అది పెద్ద కారణం. కంచె లోపలికి అలా వచ్చే మగ సింహం ఉండదు. పొరుగు గుంపుతో సరిహద్దు తగాదాలు తక్కువ, నీరు ఏడాది పొడవునా ఉంటుంది, తెచ్చి వదిలిన జింకలకు సింహమంటే ఏమిటో తెలియదు. అందువల్ల ఆడ సింహాలు చిన్న వయసులోనే ఈనుతాయి, ఈతకూ ఈతకూ మధ్య వ్యవధి తగ్గుతుంది, పుట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం బతుకుతాయి. నాలుగైదు సింహాలతో మొదలుపెట్టిన రిజర్వు కొన్నేళ్ళలోనే అదనపు సింహాలను ఎక్కడికి పంపాలో తెలియక సతమతమవుతుంది.

ఆ అదనపు నోళ్ళకు ఎంత మాంసం కావాలో కాగితం మీద వేసి చూశాను. సింహం సగటున రోజుకు ఆరు కిలోల మాంసం తింటుందనుకుంటే, పది సింహాలకు ఏడాదికి సుమారు 22,000 కిలోలు కావాలి. 200 కిలోల వైల్డ్‌బీస్ట్‌లో తినదగిన భాగం 130 కిలోలనుకుంటే, ఏటా 170 వైల్డ్‌బీస్ట్‌లు. మంద ఏడాదికి ఐదో వంతు పెరుగుతుందని ఉదారంగా అనుకున్నా, తరిగిపోకుండా అంత ఇవ్వాలంటే 850 ఉండాలి. కార్బోన్, గిటిల్‌మన్ 2002లో చూపిన సూత్రం మరో దారి: పది వేల కిలోల ఎర జంతువులు సుమారు తొంభై కిలోల మాంసాహారిని పోషిస్తాయి. పది సింహాల బరువు 1,500 కిలోలు అనుకుంటే కావలసిన ఎర సుమారు 1,67,000 కిలోలు, అంటే 830కి పైగా వైల్డ్‌బీస్ట్‌లు. రెండు దారులూ దాదాపు ఒకచోటికే చేరుతున్నాయి. ఇందులో హైనా వాటా, చిరుత వాటా, కరవు ఏడాది, రోగం, అమ్మకానికి పట్టుకుపోయే జంతువులు ఏవీ లేవు. పది సింహాలు పర్యాటకుడికి ఎక్కువ అనిపించవు. ఒకే గుంపులో అంతకన్నా ఎక్కువ చూసినవారు ఉంటారు. వంద చదరపు కిలోమీటర్ల నేలకు మాత్రం ఆ పదే పెద్ద భారం.

పిలానెస్‌బర్గ్ అనుభవం ఇక్కడ వివరంగా చెప్పుకోదగినది. చల్లారిపోయిన ప్రాచీన అగ్నిపర్వతపు వలయంలో ఉన్న ఈ పార్కును 1979లో పశువుల పొలాలను ఖాళీ చేయించి ఏర్పాటు చేశారు; వేల సంఖ్యలో జంతువులను లారీల్లో తరలించారు. మొదటి పద్నాలుగేళ్ళు అక్కడ సింహం లేదు. జింకలు, వైల్డ్‌బీస్ట్‌లు పెరుగుతూ పోతే ఏటా అదనపు వాటిని పట్టి అమ్మడం, కొన్నిటిని వేటకు కేటాయించడం పార్కుకు అలవాటయింది, ఆదాయం కూడా అయింది. 1993లో నమీబియాలోని ఎటోషా నుంచి సింహాలను తెచ్చారు. అవి వైల్డ్‌బీస్ట్ మీద పడ్డాయి. ఒకవైపు సింహం తింటోంది, మరోవైపు మనిషి పట్టుకుపోతున్నాడు. వైల్డ్‌బీస్ట్ సంఖ్య పడిపోయింది. టాంబ్లింగ్, డు టోయిట్ 2005లో ప్రచురించిన గణిత నమూనా ఈ రెండు ఒత్తిళ్ళను కలిపి పరిశీలించింది. కంచెతో మూసుకుపోయిన నేలలో మాంసాహారి తినేదాన్నీ మనిషి తీసుకునేదాన్నీ వేర్వేరు ఖాతాలుగా చూడటానికి వీల్లేదన్నది దాన్నుంచి నేను గ్రహించినది. బయట నుంచి వలస వచ్చి మందను నింపే వైల్డ్‌బీస్ట్ ఒక్కటీ లేనప్పుడు, ఆ రెండు ఖాతాలకూ మూలధనం ఒకటే.

పెద్ద నేల ఉంటే ఈ చిక్కులన్నీ తీరిపోతాయని కూడా అనుకోలేం. క్రూగర్ ఉత్తర భాగంలోని మైదానాల్లో రోన్ అనే అరుదైన దుప్పిజాతి ఉండేది. నీరు లేక ఏ జంతువూ నష్టపోకూడదన్న మంచి ఉద్దేశంతోనే అధికారులు ఆ మెట్ట ప్రాంతంలో బోర్లు వేసి నీటి తొట్లు కట్టించారు. నీరు ఉందని జీబ్రాలు, వైల్డ్‌బీస్ట్‌లు అక్కడికి చేరాయి, వాటి వెంట సింహాలు వచ్చాయి. ఆ సింహాలకు రోన్ ప్రధాన ఆహారం కాదు. దారిలో దొరికినప్పుడు తిన్నాయి, అంతే. 1986లో సుమారు 450 ఉన్న రోన్‌లు 1993 నాటికి సుమారు 45కి దిగిపోయాయి. తరువాత ఆ తొట్లలో చాలావాటిని మూసివేయవలసి వచ్చింది. మాంసాహారుల తిండి పోటీ గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మరవకూడదు. సమృద్ధిగా ఉన్న ఎర మీద బతికే సింహం, అరుదైన ఎరను యథాలాపంగా తుడిచిపెట్టగలదు. సమృద్ధిగా ఉన్నది తరగకపోతే ఆ సింహం కూడా తరగదు, అరుదైనదానికి కోలుకునే వ్యవధి దొరకదు.

కంచె వేటనే మార్చేస్తుంది. మాడిక్వేలో ఒక ఉదయం అడవికుక్కల గుంపు కుడూను తరుముతూ నేరుగా కంచె వైపు మళ్ళించడం నేను చూశాను. మా వాహనం నడిపిన గైడు అది యాదృచ్ఛికం కాదని, ఆ గుంపు తరచుగా అలాగే చేస్తుందని చెప్పాడు. కుడూ కంచెను ఢీకొని తడబడింది, ఆ తరువాత ఎంతోసేపు పట్టలేదు. వెనీషియా లింపోపో రిజర్వులో డేవీస్-మోస్టర్ట్ బృందం చేసిన అధ్యయనం కూడా ఇదే చెబుతోంది: కంచె పక్కన అడవికుక్కలు మామూలుగా పడగొట్టలేనంత పెద్ద జంతువులను పడగొడుతున్నాయి. కుక్కలకు ఇది లాభం, వాటి ఎరకు నష్టం. రిజర్వు యజమానులు అడవికుక్కలు తమ జింకలను ఖాళీ చేస్తున్నాయని ఫిర్యాదు చేసేటప్పుడు ఆ జింకల చావులో తమ కంచెకు ఉన్న వాటాను లెక్కలోకి తీసుకోవడం నేను అరుదుగా విన్నాను. సింహం ఏడాది పొడవునా తిన్నది కంటికి ఆనదు, కుక్కలు ఒక వారంలో తిన్నది అందరూ గుర్తుపెట్టుకుంటారు. ప్రపంచం మొత్తం మీద అడవికుక్కలు సుమారు 6,600 మాత్రమే మిగిలాయి. 1998 నుంచి ఈ దేశంలో వాటిని ఒక రిజర్వు నుంచి మరో రిజర్వుకు తరలిస్తూ, దూరదూరంగా ఉన్న గుంపులన్నిటినీ ఒకే జనాభాగా చూసుకుంటూ కాపాడుతున్నారు. ఆ కార్యక్రమానికి కొత్త చోటు దొరకడంలో ఎదురయ్యే ముఖ్యమైన అభ్యంతరం ఎప్పుడూ ఎర జంతువుల గురించే.

చీతా విషయంలో నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. జొహానెస్‌బర్గ్‌కు దగ్గరలోని సుయికర్‌బోస్‌రాండ్‌లో 1975లో చీతాలను వదిలారు. అక్కడ సింహాలు లేవు, హైనాలు లేవు. చీతాలు నిరాటంకంగా పెరిగి, బ్లెస్‌బాక్ వంటి జింకలను ఎంతగా తగ్గించాయంటే, చివరికి వాటినే అక్కడి నుంచి తీసివేయవలసి వచ్చింది. బలహీనమైనది అనుకున్న జంతువు పోటీ లేని కంచెలో బలమైనదాని స్థానం తీసుకుంటుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: సింహాన్ని ఎరుగని చోట పుట్టి పెరిగిన చీతాను సింహాలున్న రిజర్వుకు తరలిస్తే అది తొందరగా చనిపోతుంది. సింహం వాసన పసిగట్టి తప్పుకోవడం, వేటాడినదాన్ని గబగబా తినేసి కదిలిపోవడం, పిల్లలను తరచుగా చోటు మార్చడం అన్నీ పోటీ మధ్య బతికినప్పుడే నిలిచే నేర్పులు. ఈస్టర్న్ కేప్‌లోని క్వాండ్వేలో బిసెట్, బెర్నార్డ్ చూసిన చీతాలు ఈ నేర్పుకు మంచి సాక్ష్యం. మూడు మగ చీతాల కూటమి కుడూ వంటి పెద్ద జంతువులను పడగొడుతూ ధైర్యంగా తిరిగితే, ఆడ చీతాలు చిన్న జంతువులతో సరిపెట్టుకుంటూ, దట్టమైన పొదల చాటున, తెల్లవారుజామున, మునిమాపు వేళ వేటాడాయి. కాబట్టి సింహాలే వద్దని నేను అనను. సింహం ఉండాలి, చీతా పిల్లలు పెరిగి పెద్దయ్యేంత తక్కువ సంఖ్యలో, చీతా జాగ్రత్తను మరచిపోలేనంత ఎక్కువ సంఖ్యలో ఉండాలి. ఆ సంఖ్య ప్రతి రిజర్వుకూ వేరు, దాన్ని కనుక్కోవడమే నిర్వాహకుడి అసలు పని.

ప్రకృతికే వదిలేస్తే అదే సర్దుకుంటుంది కదా అని మంచి మనసున్నవారు తరచుగా అంటారు. ఎర తగ్గితే సింహాలు తగ్గుతాయి, సింహాలు తగ్గితే ఎర పెరుగుతుంది అన్న ఆ చక్రం నిజమైనదే, విశాలమైన నేలలో. చిన్న కంచెలో ఆ చక్రం ఒక్క చుట్టు తిరిగే లోపే కొన్ని జాతులు అంతరిస్తాయి. ముందుగా పోయేది సింహం కాదు. రోన్, సేబుల్, సెసెబీ వంటి అరుదైన జింకలు పోతాయి, తరువాత చీతా పోతుంది, అడవికుక్కలు కంచె కింద వార్ట్‌హాగ్‌లు అనే అడవిపందులు తవ్విన కన్నాల్లోంచి బయటపడి పశువుల పొలాల్లో తుపాకులకు చిక్కుతాయి. ఆకలిగొన్న సింహం ఆఖరున కంచె దాటుతుంది, దాని బాధ పక్క ఊరి పశువుల కాపరిది అవుతుంది. జింబాబ్వేలోని బుబ్యె వ్యాలీ కన్సర్వెన్సీ మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన కంచె నేల. 1999లో ఇరవై లోపు సింహాలతో మొదలైంది. 2016 నాటికి అవి సుమారు ఐదు వందలు, ఇతర జంతువులను కాపాడుకోవడానికి రెండు వందల సింహాలను చంపవలసి రావచ్చని నిర్వాహకులు బహిరంగంగా చెప్పే దశ వచ్చింది. అంత పెద్ద నేలలోనే ఆ పరిస్థితి అయితే, దానిలో ముప్ఫయ్యో వంతు ఉన్న రిజర్వు ప్రకృతి మీద భారం వేసి కూర్చోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కంచెలే తీసేయాలనే వాదనకు కూడా నేను ఒప్పుకోలేను. 2013లో పాకర్ బృందం, కంచె ఉన్న చోట సింహాలు నేల భరించగల సంఖ్యకు దగ్గరగా, తక్కువ ఖర్చుతో బతుకుతున్నాయని చూపింది. క్రీల్ బృందం అదే ఏడాది దాన్ని విమర్శిస్తూ, చిన్న నేలలో సాంద్రత ఎక్కువైనంత మాత్రాన సంరక్షణ జరిగినట్టు కాదని, పెద్ద జనాభాలన్నీ కంచె లేని చోటే ఉన్నాయని వాదించింది. ఆ చర్చలో రెండు వైపులా సింహాన్నే కొలబద్దగా తీసుకోవడం నన్ను కలవరపరచింది. సింహాలు నేల భరించగల గరిష్ఠ సంఖ్యకు చేరడం అంటే, మిగతా నాలుగు మాంసాహారులకు ఆ నేలలో కనిష్ఠ అవకాశం మిగలడం. దాన్ని విజయమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు.

ఈ పొరపాటుకు మూలం పర్యాటకంలో ఉంది. ఈ దేశంలో ప్రతి రిజర్వూ ‘బిగ్ ఫైవ్’ పేరుతోనే ప్రకటించుకుంటుంది: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. నడిచి వేటాడేవారికి అత్యంత ప్రమాదకరమైనవిగా పాతకాలపు వేటగాళ్ళు ఎంచిన జాబితా అది. అందులో చీతా లేదు, అడవికుక్క లేదు, హైనా లేదు. వంద చదరపు కిలోమీటర్ల నేలలో కూడా ప్రతి వాహనానికీ ప్రతి ఉదయం సింహం కనబడాలన్న ఒత్తిడి అక్కడి నుంచే వస్తుంది. ఆ ఒత్తిడి తెచ్చేది లాడ్జిలో గది తీసుకునే మనమే. సింహం కనబడలేదని సమీక్షలో చుక్కలు తగ్గించేవారు, ఈ రిజర్వులో ఇంపాలాలు ఎన్ని మిగిలాయని అడగరు. కొన్ని చోట్ల తగ్గిన ఇంపాలాలను వేలంలో కొని తెచ్చి లోపల వదులుతున్నారు. అలా తెచ్చినవాటికి ఆ నేల కొత్త, నీటి దారులు కొత్త, సింహం కొత్త. వాటిలో చాలా భాగం త్వరగా ఆహారమైపోతాయి. ఆ ఖర్చుతో నిలబడేది సింహాల సంఖ్యే, ఇంపాలా మంద మాత్రం నిలదొక్కుకోదు.

సింహాల సంఖ్యను అదుపులో ఉంచే పద్ధతులు లేకపోలేదు. సింహాలున్న చిన్న రిజర్వులు ఒక వేదికగా ఏర్పడి వాటిని తమలో తాము చర్చించుకుంటున్నాయి. ఆడ సింహానికి గర్భనిరోధక ఇంప్లాంట్ అమర్చడం, గర్భాశయంలో ఒక కొమ్మును శస్త్రచికిత్సతో తీసేసి ఈతకు పుట్టే పిల్లల సంఖ్య తగ్గించడం, కొన్నేళ్ళకొకసారి మగ సింహాలను మార్చి అడవిలో జరిగే ఆక్రమణను అనుకరించడం, ఎదిగిన పిల్లలను వేరే దేశాలకు పంపడం అన్నీ జరుగుతున్నాయి. 2015లో రువాండాలోని అకాగెరాకు వెళ్ళిన ఏడు సింహాలు ఇలా దక్షిణాఫ్రికా రిజర్వుల నుంచే వెళ్ళాయి. పంపడానికి చోట్లు మాత్రం త్వరగా నిండిపోతాయి. చోటు లేనప్పుడు సింహాన్ని కాల్చవలసి వస్తే కాల్చాలా అని అడిగితే, నా జవాబు అవును అనే. ఆ మాట రాయడం నాకు సులభంగా లేదు. ఆ స్థితికి రాకుండా మొదటి గుంపు ఈనకముందే గర్భనిరోధకం వాడి ఉండవలసిందని మాత్రం గట్టిగా నమ్ముతాను. నిర్ణయం ఆలస్యమైన కొద్దీ దాని క్రూరత్వం పెరుగుతుంది.

ఇదంతా మన దేశానికి దూరపు సంగతి కాదు. 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకు వచ్చాయి. దక్షిణాఫ్రికాలో చీతాల తరలింపు కార్యక్రమాన్ని ఏళ్ళ తరబడి నడిపిన విన్సెంట్ వాన్ డెర్ మెర్వె, కంచె లేని చోట చీతాల పునఃప్రవేశం ఎక్కడా విజయవంతం కాలేదని, భారత్ కొన్ని రిజర్వులకు కంచె వేయాలని 2023లో బహిరంగంగా చెప్పారు. ఆయన 2025లో మరణించారు. 2025 ఏప్రిల్ 20న ప్రభాస్, పావక్ అనే రెండు మగ చీతాలను వదిలిన, మధ్యప్రదేశ్‌లోనిదే అయిన గాంధీసాగర్ అభయారణ్యంలో సుమారు 64 చదరపు కిలోమీటర్లకు కంచె వేసి, లోపలి చిరుతలను బయటికి తరలించి, వేరే చోట్ల నుంచి చుక్కల దుప్పులను తెచ్చి వదిలారు. కంచె, తరలించిన పోటీదారు, తెచ్చి వదిలిన ఎర: పైన చెప్పుకున్న సమస్య మూలాలన్నీ ఆ 64 చదరపు కిలోమీటర్లలో ఉన్నాయి. అక్కడ చీతా స్థానం ప్రస్తుతానికి సుయికర్‌బోస్‌రాండ్ చీతా స్థానమే. చిరుతలు చెట్లెక్కి, కంచె దూకి తిరిగి వస్తే అది వేరే కథ అవుతుంది. కూనోలో చీతాలను ఉంచిన ఎన్‌క్లోజరులోంచి చిరుతలను పట్టడానికి ఎంత శ్రమ పడవలసి వచ్చిందో పత్రికలు చదివినవారికి తెలుసు.

మధ్య భారతంలో చీతాకూ చిరుతకూ ప్రధాన ఎర ఒకటే, అది దుప్పి. కంచె లేని చోట మన మాంసాహారులు ఎలా సర్దుకున్నాయో కారంత్, సన్‌క్విస్ట్ అనే పరిశోధకులు కర్ణాటకలోని నాగరహొళెలో చూపారు: పులి చంపినవాటి సగటు బరువు సుమారు 91 కిలోలు, రేచుకుక్కలది 43, చిరుతది 38. మన అడవిదున్న (గౌర్), కణితి దండిగా ఉండబట్టి పులి అటు వెళ్ళింది, దుప్పి చిరుతకూ రేచుకుక్కకూ మిగిలింది. పెద్ద ఎర లేని అడవిలో ఈ సర్దుబాటు నిలవదు. మన నల్లమలలో పులి, చిరుత, రేచుకుక్క మూడూ ఉన్నాయి, చుట్టూ కంచె లేదు. కానీ నలువైపులా పొలాలు, రోడ్లు, జలాశయం అంచులు పెరుగుతూ వస్తే ఆ అడవి కూడా కంచె లోపలి అడవిలాగే ప్రవర్తించడం మొదలుపెడుతుంది. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ అడవుల్లో పులుల సంఖ్య పెరిగిందన్న వార్త వచ్చినప్పుడల్లా మనం సంతోషిస్తాం. ఆ వార్త పక్కనే కణితులు ఎన్ని, దుప్పులు ఎన్ని, రేచుకుక్కల గుంపులు ఎన్ని అన్న అంకెలు కూడా ఉండాలని కోరుకుంటాను.

గాంధీసాగర్ విషయంలో నేను కోరేది ఇంకా స్పష్టంగా చెప్పగలను. ప్రతి ఏడాదీ వానలు వెళ్ళాక ఆ కంచె లోపల దుప్పుల లెక్క తీయాలి, దాన్ని చీతాల లెక్కతో కలిపి ఒకే పత్రంలో ప్రజలకు వెల్లడించాలి. బయట నుంచి ఎన్ని దుప్పులను తెచ్చారో, వాటిలో మరుసటి ఏడాదికి ఎన్ని మిగిలాయో విడిగా చూపాలి, లేకపోతే తెచ్చినవాటి సంఖ్య పెరుగుదలగా కనబడుతుంది. లోపల పుట్టే పిల్లలతో మంద తనను తాను నిలబెట్టుకుంటుందని వరుసగా కొన్నేళ్ళ లెక్కల్లో తేలేదాకా కొత్త చీతాను అక్కడికి పంపకూడదు. చిరుతలను ఎక్కడ వదిలారో, ఆ కొత్త చోట అవి ఏమి తింటున్నాయో కూడా ఆ పత్రంలో ఉండాలి. కంచె లోపలి పోటీని తగ్గించడానికి తరలించిన చిరుత, వేరే అడవిలోని మరో చిరుతకో, ఏ ఊరి మేకల మందకో పోటీగా, ప్రమాదంగా మారితే ఆ ఖర్చును కూడా ఈ ప్రాజెక్టు ఖాతాలోనే రాయాలి.